కొత్త మియాటా, ముప్పై ఏళ్ల మియాటా: రెండూ నడుపుతున్నవాడి రివ్యూ

ముందే చెప్పేస్తాను. 2024 మాజ్డా మియాటా చాలా మంచి కారు, దాన్ని అమ్మే ఉద్దేశం నాకు లేదు. అయినా ఆదివారం పొద్దున్నే కొండల్లోకి బయల్దేరేటప్పుడు నా చెయ్యి 1992 మోడల్ తాళం మీదికే పోతుంది. ఎందుకో చెప్పడానికే ఈ రివ్యూ.

ఇది పాత జ్ఞాపకాల మోజు అనుకునేవాళ్లకి ఒక మాట. 1992లో నేను అనకాపల్లిలో నాలుగో క్లాసు. మా వీధి మొత్తానికి కారు ఒక్కటే, డాక్టరుగారి అంబాసిడర్. మియాటా అనే బండి ఒకటి ఉందని కూడా నాకు తెలీదు. దాన్ని మొదటిసారి దగ్గర్నుంచి చూసింది ఇక్కడ కాలిఫోర్నియాలో, శాన్ హోజేలో ఉద్యోగంలో చేరాక. కాబట్టి చిన్ననాటి ప్రేమ కాదు, పెద్దయ్యాక లెక్క చూసుకుని పట్టుకున్న పిచ్చి.

రోడ్‌స్టర్ అంటే రెండే సీట్లు, వెనక్కి మడిచేసే టాప్, తక్కువ బరువు. సాధారణంగా ముందు ఇంజిన్, వెనక చక్రాలకి పవర్. లగేజీకీ పిల్లలకీ చోటు ఉండదు. ఒకప్పుడు ఇంగ్లాండు వాళ్లది ఈ రాజ్యం: లోటస్ ఎలాన్, ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. నడపడానికి సరదా బండ్లే, కానీ ఆయిల్ కారడం, వైరింగ్ మొరాయించడం వాటి పుట్టుకతో వచ్చిన గుణాలు. 1980లో ఎంజీబీ ఆగిపోయేసరికి ఆ రకం కారు చవగ్గా దొరకడం దాదాపు అయిపోయింది. అంతకు కొంచెం ముందే, 1979లో, బాబ్ హాల్ అనే అమెరికన్ జర్నలిస్టు మాజ్డాలో పెద్ద హోదాలో ఉన్న కెనిచి యమమోటోతో అలాంటి చిన్న కారు మీరెందుకు చెయ్యకూడదని అన్నాడు. పదేళ్ల తర్వాత, 1989 ఫిబ్రవరిలో, షికాగో ఆటో షోలో మియాటా బయటికొచ్చింది. 2016లో పది లక్షలో కారు తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడైంది ఇంకోటి లేదు.

నా పాతది ఆ మొదటి తరం. ఎరుపు, 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్, అయిదు గేర్లు. కళ్లు తెరిచినట్టు పైకి లేచే హెడ్‌లైట్లు. బేస్ మోడల్ కాబట్టి పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు, ఏబీఎస్ లేదు. ఎయిర్‌బ్యాగ్ డ్రైవర్‌కి మాత్రమే. పక్కన కూర్చున్నవాళ్లకి దేవుడే దిక్కు. కొత్తది నాలుగో తరం, క్లబ్ మోడల్. 2 లీటర్లు, 181 హార్స్‌పవర్, ఆరు గేర్లు, బిల్‌స్టీన్ షాక్ అబ్జార్బర్లు, ఒక వెనక చక్రం జారినా రెండోదానికి పవర్ అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్.

కొత్త కార్ల మీద అందరూ వేసే మొదటి నింద బరువు. ఈ విషయంలో మియాటాని తిట్టడం అన్యాయం. కొత్తది పాతదానికన్నా పొడవులో కొన్ని సెంటీమీటర్లు తక్కువ. నమ్మనివాళ్లు వస్తే మా డ్రైవ్‌వేలో రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. వెడల్పు ఆరు సెంటీమీటర్లు పెరిగింది. బరువు పాతది వెయ్యి కిలోల లోపు, కొత్తది 1,070 దగ్గర. ముప్పై ఏళ్లలో మామూలు సెడాన్లు ఎంత లావెక్కాయో చూసినవాళ్లకి ఆ వంద కిలోలు ఎంత పొదుపో అర్థమవుతుంది. సైడ్ ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్, వెనక కెమెరా, పెద్ద చక్రాలు అన్నీ ఆ వంద కిలోల్లోనే ఇమిడాయి. ఆ ఇంజినీర్లకి నమస్కారం పెట్టాలి.

ధర కూడా అంతే. 1989లో బేస్ మియాటా 13,800 డాలర్లు. ద్రవ్యోల్బణం కలిపితే ఈనాటి లెక్కలో 34 వేలు దాటుతుంది. నా క్లబ్ మోడల్ షోరూమ్ ధర 2024లో పన్నులు కాకుండా 32 వేల పైచిలుకు. అంటే ఆ రోజుల్లో ఏసీ కూడా లేని స్టీలు చక్రాల బండికి పెట్టిన డబ్బుకన్నా తక్కువకే ఇప్పుడు ఇదంతా వస్తోంది. పాత రోజులే బాగుండేవి అనేవాళ్లు ఈ లెక్క ఎత్తరు.

మరి పేచీ ఎక్కడ? స్టీరింగ్ దగ్గర.

మా ఇంటి నుంచి సారటోగా మీదుగా హైవే 9 ఎక్కితే కొండ మీద స్కైలైన్ రోడ్డు తగులుతుంది. రెడ్‌వుడ్ చెట్ల మధ్య నుంచి ఉత్తరంగా వెళ్తే వుడ్‌సైడ్ కొండ మీద ఆలిసెస్ రెస్టారెంట్ వస్తుంది. వారాంతాల్లో బైకులవాళ్లూ కార్లవాళ్లూ అక్కడే చేరతారు. ఈ దారిలో నీడ పడ్డచోట తారు పొద్దుటి మంచుకి తడిగా ఉంటుంది, ఎండ పడ్డచోట పొడిగా ఉంటుంది. పాత కారులో ఆ తేడా అరచేతికి తెలుస్తుంది. తడి మీదికి ముందు చక్రం వెళ్లగానే స్టీరింగ్ బరువు కాస్త తగ్గుతుంది, పొడి మీదికి రాగానే మళ్లీ బిగుస్తుంది. రోడ్డు ఒక పక్కకి వాలితే స్టీరింగ్ కూడా చేతిలో కొద్దిగా ఆ పక్కకి లాగుతుంది. కళ్లు చెప్పకముందే చేతులు చెప్పేస్తాయి.

కొత్తదాంట్లో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. చురుకైనది, కచ్చితమైనది, ఎంత తిప్పితే అంత తిరుగుతుంది. 2024లో రాపిడి తగ్గించిన కొత్త ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి చేర్చే భాగం) పెట్టారు. అంతకుముందు మోడల్ నడిపిన అనుభవంతో చెప్తున్నాను, మెరుగు నిజమే. మధ్యలో ఉండే చిన్న మొద్దుతనం పోయింది. కానీ తడి, పొడి తేడా చేతికి రాదు. నడుముకి కొంచెం తెలుస్తుంది, టైర్ల చప్పుడుకి కొంచెం తెలుస్తుంది. చేతికి మాత్రం ఇంజినీర్లు వడబోసి పంపినంతే వస్తుంది. మంచి నీళ్లే, కానీ ఊరి బావి నీళ్ల రుచి లేదు.

ఎలక్ట్రిక్ కాబట్టి ఇలా అయింది అని కొట్టిపారేసేవాళ్లకి హోండా ఎస్2000 గుర్తుచెయ్యాలి. 1999 నాటి కారు, పాతవాటిలో దేవుడిలా కొలిచే కారు, దాంట్లోనూ ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగే. ఆ రోజుల్లోనే స్టీరింగ్ మూగదని కొంతమంది సణిగారు. ఆ కారు మిగతా గుణాలు ఎంత గొప్పవంటే, ఇప్పుడు ఆ సణుగుడు ఎవరికీ గుర్తులేదు.

పోయిన ఎండాకాలం మా మావయ్యగారు వైజాగ్ నుంచి వచ్చారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఏళ్ల తరబడి పాడేరు ఘాట్‌లో బస్సు నడిపిన మనిషి. పవర్ స్టీరింగ్ లేని లేలాండ్ బస్సు, ఒక పక్క లోయ, ఎదురుగా లారీ. ఆయన్ని కొత్త కారులో మౌంట్ హామిల్టన్ రోడ్డుకి తీసుకెళ్లాను. కొండ మీద లిక్ అబ్జర్వేటరీ ఉంది. దానికి సామాను మోసే గుర్రపు బళ్లు ఎక్కగలిగేలా 1876లో వేసిన దారి అది. అందుకే ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది, మలుపులకి మాత్రం అంతుండదు. మియాటా కోసమే వేశారేమో అనిపించే రోడ్డు. మావయ్యగారు మాట్లాడకుండా కూర్చున్నారు. పైకెళ్లాక దిగి, కారు చుట్టూ తిరిగి, "బండి బావుందండి అల్లుడుగారూ. ఎక్కడా కంగారు పెట్టలేదు. రెండు సీట్లకి ఇంత డబ్బు పోశారా అని మా అమ్మాయిని అడుగుతాను గానీ, బండి బావుంది" అన్నారు.

తర్వాతి వారం పాతదాంట్లో అదే రోడ్డు. సగం దూరంలోనే ఆయన పాదాలు కదలడం మొదలుపెట్టాయి. నేను గేరు మార్చబోయే ముందు ఆయన ఎడమ కాలు లేని క్లచ్ తొక్కుతోంది. పైన దిగి ఇలా అన్నారు: "ఆ కొత్తదాంట్లో మీరు మీటరు చూసి గేరు మారుస్తున్నారు. దీంట్లో ఇంజిను గొంతు విని మారుస్తున్నారు. గమనించారా?" నేను గమనించలేదు. ఇంటికెళ్లేటప్పుడు చూసుకుంటే నిజమే. పాతదాంట్లో ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే టాకోమీటరు ఉందన్న సంగతే మర్చిపోతాను.

దీనికి కారణం నాకు తోచింది చెప్తాను. చాలామంది అనుకున్నట్టు గేరింగ్ కాదు. రెండో గేరు రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే. పాతది 7,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గంటకు 58 మైళ్లు, కొత్తది 7,500 దగ్గర 63 మైళ్లు. తేడా అంతా అక్కడికి చేరడానికి పట్టే సమయంలో. నిలబడ్డచోటు నుంచి 60 మైళ్ల వేగానికి కొత్తది ఆరు సెకన్లలోపే వెళ్తుంది, పాతదానికి దాదాపు తొమ్మిది కావాలి. అంటే పాతదాంట్లో ఇంజిన్ కింది నుంచి పైదాకా పాడే పాట మొత్తం వినడానికి తీరిక ఉంటుంది, స్పీడ్ లిమిట్ కూడా పెద్దగా దాటం. కొత్తదాంట్లో పాట మొదలయ్యేలోపే మలుపు వచ్చేస్తుంది, బ్రేకు తొక్కాలి. ఇంజిన్ తప్పేం లేదు. 2019లో 155 నుంచి 181 హార్స్‌పవర్‌కి పెంచి, ఆర్‌పీఎం హద్దును 6,800 నుంచి 7,500కి జరిపారు. పైకి తిరిగేకొద్దీ ఊపు పెరిగే మంచి ఇంజిన్. సమస్య ఇక్కడి రోడ్లది. ఇంత పికప్ వాడుకోవడానికి చోటు కావాలి, లేదా రేస్ ట్రాక్‌కి వెళ్లాలి.

గేర్ రాడ్ విషయంలో మాత్రం రెంటి మధ్య తీర్పు చెప్పలేను. మణికట్టు కదిపితే చాలు, ఠక్కున పడుతుంది. ఈ ధరలో ఇంత మంచి గేర్ రాడ్ ఇంకెక్కడా లేదనే నా నమ్మకం. పాతదాంట్లో చలికాలం పొద్దుట రెండో గేరు కాసేపు మొండికేస్తుంది. ఆయిల్ వేడెక్కేదాకా బతిమాలాలి. కొత్తదానికి ఆ అలక లేదు.

మలుపుల్లో కొత్తది బాగా ఒరుగుతుంది, మొదటిసారి నడిపేవాళ్లు కంగారు పడతారు. అది లోపం కాదు, కావాలని పెట్టిన గుణం. పాతదీ అలాగే ఒరుగుతుంది. ఎంత ఒరిగిందో దాన్నిబట్టి ఇంకా ఎంత పట్టు మిగిలిందో తెలుస్తుంది. 2022 నుంచి కొత్త మోడళ్లలో గట్టి మలుపులో లోపలివైపు వెనక చక్రాన్ని రవ్వంత బ్రేకుతో పట్టి బాడీని కిందికి గుంజి ఉంచే ఏర్పాటు ఒకటుంది. పని చేస్తోందని చెప్తే తప్ప తెలీదు. అలా తెలీకుండా పనిచేసే ఎలక్ట్రానిక్స్‌తో నాకు పేచీ లేదు.

ఇక ఫ్రీవే. ఇక్కడ పాతదాన్ని వెనకేసుకు రావడం అబద్ధమే. 70 మైళ్ల దగ్గర అయిదో గేరులో ఇంజిన్ 3,600 ఆర్‌పీఎం తిరుగుతుంది. కొత్తది ఆరో గేరులో 2,800 తిరుగుతుంది. దానికి తోడు గాలి హోరు, చలికి బిగుసుకుపోయిన పాత టాప్ గుడ్డ చప్పుడు. ఫోను మాట్లాడటం కుదరదు. అది ఒక్కటే లాభం. 101 ఫ్రీవే మీద పక్కన పికప్ ట్రక్కు వచ్చిందంటే దాని చక్రం ఇరుసు నా చెవి ఎత్తులో ఉంటుంది. అలాంటప్పుడు సైడ్ ఎయిర్‌బ్యాగ్, స్టెబిలిటీ కంట్రోల్, బ్లైండ్ స్పాట్ హెచ్చరిక ఉన్న కారులో కూర్చోవాలనే ఎవరికైనా అనిపిస్తుంది. మా ఆవిడ పాతదాంట్లో ఫ్రీవే ఎక్కదు, నేను బలవంతపెట్టను. ఆఫీసుకి కొత్తదే. వానొస్తే కొత్తదే. మైలేజీ కూడా హైవే మీద గ్యాలన్‌కి 34 మైళ్లని లెక్క, నెమ్మదిగా వెళ్తే దాటుతుంది కూడా.

టాప్ సంగతికొస్తే, కొత్తదాని టాప్ తియ్యడం ఒంటిచేతి పని. సిగ్నల్ దగ్గర ఒక గొళ్లెం విప్పి వెనక్కి తోస్తే అయిపోయింది. మోటారు లేదు, బటన్ లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. పాతదాంట్లో రెండు మూలలా రెండు గొళ్లేలు విప్పి, వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పు తీసి పడుకోబెట్టి, ఆ తర్వాత మడవాలి. జిప్పు తియ్యకుండా మడిస్తే ప్లాస్టిక్ చిరుగుతుంది. ఎండకి అది ఎలాగూ పచ్చబడి మసకబారుతుందనుకోండి.

లోపల సామాను పెట్టుకునే చోటు విషయంలో కొత్తదాని మీద నాకు నిజంగా కోపం ఉంది. డాష్‌బోర్డులో గ్లవ్ బాక్స్ లేదు. రెండు సీట్ల మధ్య వెనక ఒక చిన్న అర ఉంది, దాన్ని అందుకోవాలంటే యోగాసనం వెయ్యాలి. కప్ హోల్డర్ మోచేతికి తగులుతుంది. 8.8 అంగుళాల స్క్రీన్ మ్యాపులు చూసుకోవడానికి బావుంది, కాకపోతే రాత్రి కొండల్లో దాని వెలుగు కంటికి అడ్డం. ఆపేసి నడుపుతాను. ఆరడుగులు దాటినవాళ్లు కొనేముందు రెండింట్లోనూ తప్పకుండా కూర్చుని చూడాలి. పాతదాంట్లో అయితే తల అద్దం పైఅంచుకి తగలడం ఖాయం. నాకు పొడుగు సమస్య లేదు.

మియాటా ఒక్కదాన్ని పట్టుకుని కొత్త రోడ్‌స్టర్లన్నిటి మీదా తీర్పు ఇవ్వకూడదు కదా అంటారు. నిజమే, కానీ మిగిలినవి ఎన్ని? పోర్షే బాక్స్‌స్టర్ 1996లో వచ్చినప్పుడు 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 200 హార్స్‌పవర్ చిల్లర. 2016లో దాన్ని 718 చేసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు. వేగం పెరిగింది, గొంతు పోయింది. అభిమానులు గోల పెట్టాక 4 లీటర్ల ఆరు సిలిండర్లతో జీటీఎస్ అనే మోడల్ మళ్లీ తెచ్చారు. స్నేహితుడిది నడిపాను. మియాటాకన్నా ప్రతి కొలతలోనూ మెరుగైన కారు. దాని రెండో గేరు పూర్తిగా లాగితే మాత్రం ఫ్రీవే లిమిట్ దాటిపోతుంది. కొండ దారిలో మూడో గేరు వాడే అవసరమే రాలేదు. అంత ఇంజిన్ పెట్టుకుని ఒక్క గేరులో తిరగడం నాకు హింసగా ఉంది. యూరప్‌లో 2024లో మామూలు పెట్రోల్ 718 అమ్మకాలు ఆగిపోయాయి. కారణం పొగ కాదు, చప్పుడు కాదు. సైబర్ భద్రత నిబంధనలకి ఆ కారు పాత ఎలక్ట్రానిక్స్ సరిపోలేదట. సాఫ్ట్‌వేర్ మీద బతికేవాడిని, ఈ వార్త చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

బీఎమ్‌డబ్ల్యూ జెడ్4 టయోటా సుప్రాతో కలిసి తయారైన కారు. ఆస్ట్రియాలో గ్రాట్స్‌లో కట్టారు. మన దేశంలోనూ అమ్మారు. వేగంగా, హాయిగా దూరం పోయే కారు. దాన్ని రోడ్‌స్టర్ అంటారు గానీ నాకు మాత్రం టాప్ లేని టూరింగ్ కారులా అనిపించింది.

కొనాలనుకునేవాళ్లకి నా సలహా ఇది. ఒకే కారు పెట్టుకోగలిగితే కళ్లు మూసుకుని కొత్త మియాటా, మాన్యువల్, క్లబ్ మోడల్. ఆటోమేటిక్ వద్దు. 2019కి ముందుది సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తుంది. అయితే స్టీరింగ్ కాలమ్ దగ్గరికీ దూరానికీ జరిగే సౌకర్యం 2019లోనే వచ్చింది, చేతులు పొట్టి ఉన్నవాళ్లు అది చూసుకోండి. ఇంట్లో వేరే కారు ఉండి, వారాంతం కొండల కోసమే అయితే పాతది తీసుకోండి. పవర్ స్టీరింగ్ లేనిది దొరికితే వదలొద్దు. పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి, కదిలాక ఇంకేం గుర్తుండదు.

పాతది చూడ్డానికి వెళ్లినప్పుడు పెయింట్ మెరుపు చూసి మురిసిపోకుండా, డోర్ల కింద వెనక చక్రాల ముందు భాగం వేలితో నొక్కి చూడండి. టాప్ మీది నీళ్లు పోయే గొట్టాలు ఆకులతో మూసుకుపోతే ఆ నీళ్లు అక్కడే చేరి లోపల్నుంచి తుప్పు పట్టిస్తాయి. 1990, 91 నాటి తొలి కార్లయితే బానెట్ ఎత్తి ఇంజిన్ ముందు బెల్టు తిప్పే క్రాంక్ పుల్లీ మీది గాడులు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టి ముక్కు క్రాంక్‌షాఫ్ట్, అది వదులైతే ఖర్చు పెద్దది. ఎనిమిదుంటే దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. టైమింగ్ బెల్ట్ 60 వేల మైళ్లకోసారి మార్చాలి, ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. క్లచ్ కింద ఉండే చిన్న హైడ్రాలిక్ సిలిండర్ ఎప్పుడో ఒకప్పుడు లీకవుతుంది, అది అన్నిటికీ ఉన్న జబ్బే. భయపడకండి, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. 2017లో మాజ్డా జపాన్‌లో ఈ మొదటి తరం కార్లని బాగుచేసిచ్చే పథకమే ప్రకటించింది, టాప్ గుడ్డ కూడా అసలు తరహాలోనే మళ్లీ తయారుచేసి ఇచ్చింది.

మా మావయ్యగారు వెళ్లేముందు ఈ రెండింట్లో ఒకటి అమ్మాల్సి వస్తే ఏది అమ్ముతారని అడిగారు. పక్కన మా ఆవిడ ఉంది. ఆవిడ ముందు నేను ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు.